ఊరూరి ముచ్చట్లు: నేపుల్సులో మంచి పిజ్జా ఏది?

పిల్లలూ! కొత్త ఊరు వెళ్ళినవారికి మొట్టమొదట కావలసింది తిండి. అక్కడ మంచి తిండి ఎక్కడ దొరుకుతుందో తినకముందే తెలుసుకోవటం ఎలా? బోర్డు చూసి తెలుసుకుందామంటే, "మా సరుకు బాగుండదు" అని ఏ దుకాణదారూ బోర్డు కట్టడు. ధర చూసి తెలుసుకుందామంటే, ధర పెరిగినంత మాత్రాన రుచి పెరగదు. మరి ఏం చూడాలి? ఈ నెల ఇటలీ దేశంలోని నేపుల్స్ నగరానికి పోయి ఈ సంగతి తేల్చుకుందాం.

నేపుల్సును అక్కడివాళ్ళు "నాపొలి" అంటారు. అది సముద్రపు ఒడ్డున, వెసూవియస్ అనే అగ్నిపర్వతానికి దగ్గరగా ఉన్నది. క్రీ. శ. 79లో పాంపే నగరాన్ని బూడిదలో పూడ్చివేసింది ఈ పర్వతమే. నేపుల్స్ పాతబస్తీలోని పెద్ద వీధులు కొన్ని, ఇంచుమించు రెండువేల ఐదువందల ఏళ్ళ కిందట గ్రీకులు వేసిన దారుల వెంటనే నేటికీ సాగుతున్నవి. వాటిలో ఒకదాని పేరు వయా దెయ్ త్రిబునాలి. ఇరుకు వీధి, ఎత్తయిన ఇళ్ళు, ఎక్కడ చూసినా పిజ్జా దుకాణాలు!

నేడు పిజ్జా మన పట్నాల్లో కూడా దొరుకుతున్నది కనుక అది ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. కాని ఇప్పుడు లోకమంతా తినే ఈ పిజ్జాకు పుట్టిల్లు నేపుల్సు. పుట్టింటిలో దాన్ని పరీక్షించటానికి కొన్ని గుర్తులున్నవి. అవి చెప్పేముందు, ఈ పరీక్షలో తప్పిపోయిన ఇద్దరు గొప్పవాళ్ళ సంగతి వినండి.

తంతివార్తలు పంపే మోర్స్ సంకేతాలను గురించి మీరు చదివే ఉంటారు. ఆ సామ్యుయెల్ మోర్స్ అమెరికా దేశస్థుడు, మొదట్లో చిత్రకారుడు. ఆయన 1831లో నేపుల్స్ వెళ్ళాడు. అక్కడ బీదవాళ్ళు తినే పిజ్జాను చూసి ఆయనకు డోకు వచ్చినంత పని అయింది. ఆ అసహ్యాన్నంతా కాగితం మీద పెట్టాడు. చుక్కలతోనూ గీతలతోనూ దేశాల మధ్య మాటలు నడిపించిన మేధావికి, టమాటా ముక్కలు వేసిన రొట్టె మాత్రం అర్థం కాలేదు!

ఆ తరువాత ఫ్రాన్సు దేశపు నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా తన యాత్రను గురించిన పుస్తకం 1843లో ప్రకటించాడు. ఆయన చూపు కొంత నిశితమైనది. చేపలు బాగా పడిననాడు చేపల పిజ్జా చవక అవుతుందనీ, పిజ్జా ధర చూస్తే బజారు సంగతి తెలిసిపోతుందనీ గ్రహించాడు. కాని ఒకచోట బోల్తాపడ్డాడు. "ఎనిమిది రోజుల పిజ్జా" అనే మాట ఆయన చెవిని పడింది. అంటే ఎనిమిది రోజుల కిందట కాల్చిన పాచి రొట్టె కాబోలు అనుకుని అలాగే రాసేశాడు. నిజానికి ఆ రొట్టె అప్పటికప్పుడు కాల్చినదే. ఆలస్యంగా వచ్చేది డబ్బు! ఇవాళ తిని, ఎనిమిదో నాడు డబ్బు ఇచ్చే ఏర్పాటుకు అది పేరు.

మూటలు మోసేవాడికి, చేపలు పట్టేవాడికి రోజూ డబ్బు చేతికి రాదు. ఆకలి మాత్రం రోజూ వస్తుంది. ఈ సంగతి పిజ్జా అమ్మేవాడికి తెలుసు, ఎందుకంటే అతనూ ఆ వీధివాడే. రెండవ ప్రపంచ యుద్ధంలో నేపుల్స్ మీద బాంబులు విపరీతంగా పడ్డవి. యుద్ధం ముగిసేసరికి జనానికి పనీ లేదు, తిండీ లేదు. అప్పుడు ఆడవాళ్ళు ఇంటి గుమ్మం ముందే మూకుడు పెట్టి, పిండిముద్దను వత్తి నూనెలో వేయించి అమ్మారు. దానికి బట్టీ అక్కరలేదు. దాన్ని కూడా ఎనిమిది రోజుల గడువుకు ఇచ్చేవారు. అప్పు పెట్టే ఆమె కూడా బీదదే సుమా! 1954లో వచ్చిన "నేపుల్స్ బంగారం" అనే ఇటలీ చిత్రంలో సోఫియా లారెన్ ఇలా పిజ్జా అమ్మే ఆమెగా నటించింది.

చూశారా! డ్యూమా ఎవరినైనా ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ మాటలోని దయ ఆయనకు తెలిసేది. కనుక మన మొదటి గుర్తు ఇది: ఎవరి తిండినో వారినే అడగాలి. "పేరుపొందిన దుకాణం ఏది?" అని కాదు, "మీరు ఎక్కడ తింటారు?" అని అడగాలి. దుకాణం ముందు జనం బారులు తీరి ఉంటే అదే మంచిదని అనుకోవద్దు. ఆ జనమంతా మనలాటి యాత్రికులే కావచ్చు. మధ్యాహ్నం పని మధ్యలో వచ్చిన కూలివాళ్ళు, పుస్తకాలు చంకన పెట్టుకున్న విద్యార్థులు, పిల్లలతో వచ్చిన తల్లులు కనిపిస్తే అప్పుడు ఆగి చూడండి. వాళ్ళలో కొందరు పిజ్జాను నాలుగు మడతలు వేసి, వీధిలో నిలబడే తింటూ ఉంటారు. ఈ మడత పిజ్జాకు వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరుకు అర్థం "డబ్బుల సంచి".

రెండవ గుర్తు బట్టీ. నేపుల్స్ దుకాణాల్లో అది సామాన్యంగా అందరికీ కనిపించేచోటే ఉంటుంది. ఇటుకలతో కట్టిన గుమ్మటం, ముందు చిన్న నోరు, లోపల ఒక పక్కన మండే కట్టెలు. 2010లో ఐరోపా సమాఖ్య నేపుల్స్ పిజ్జాకు కొన్ని నియమాలు నమోదు చేసింది. వాటి ప్రకారం బట్టీ నేల వేడి సుమారు 485 సెంటీగ్రేడు డిగ్రీలు, గుమ్మటం వేడి సుమారు 430 డిగ్రీలు ఉండాలి. నీళ్ళు మరగటానికి 100 డిగ్రీలు చాలు గదా! అంత వేడిలో పిజ్జా కాలటానికి పట్టేది 60 నుంచి 90 సెకండ్లు. మీరు నెమ్మదిగా వంద లెక్కపెట్టేలోగా పచ్చిముద్ద పిజ్జా అయి బయటికి వస్తుంది.

వేడి ఒకచోటి నుంచి మరొకచోటికి మూడు విధాల పోతుందని మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది. ఆ మూడూ ఈ ఒక్క బట్టీలోనే చూడవచ్చు. కాగిన నేల తనకు తగిలిన పిండికి వేడి ఇస్తుంది, ఇది ఉష్ణవహనం. వేడిగాలి లోపల సుడి తిరుగుతూ పిజ్జాను చుట్టుకుంటుంది, ఇది సంవహనం. మంట నుంచీ, బాగా కాగిన గుమ్మటం నుంచీ వేడి తిన్నగా పిజ్జా మీద పడుతుంది, ఇది వికిరణం.

మరి నేలకు ఇనుప పలక పరిస్తే పని సులువు గదా, మట్టి పలకలెందుకు? దీనికి జవాబు మీ ఇంటి దగ్గరే ఉన్నది. చలికాలం ఉదయం ఇనుప గేటునూ, దాని పక్కనే ఉన్న ఇటుక గోడనూ తాకి చూడండి. రెండూ ఒకే చల్లదనంలో ఉన్నా ఇనుమే ఎక్కువ చల్లగా తోస్తుంది. ఇనుము మీ చేతిలోని వేడిని గబగబా లాగివేస్తుంది, ఇటుక నిదానంగా లాగుతుంది. వేడిని ఇచ్చేటప్పుడు కూడా వాటి స్వభావం అంతే. 485 డిగ్రీల ఇనుము మీద పెడితే, పైభాగం ఉడకకముందే పిజ్జా అడుగు మాడి మసి అవుతుంది. మట్టి పలక తన వేడిని నిదానంగా ఇస్తుంది కనుక అడుగూ పైభాగమూ ఒకేసారి సిద్ధమవుతవి. ఈ లెక్కలేవీ పుస్తకాల్లో చదవకుండానే నేపుల్స్ పనివాళ్ళు మట్టి పలకలు ఎంచుకున్నారు.

మూడవ గుర్తు పిండి. నియమాల ప్రకారం ఒక లీటరు నీటికి సుమారు 1,800 గ్రాముల పిండి, 50 నుంచి 55 గ్రాముల ఉప్పు పడుతుంది. ఈస్టు మాత్రం 3 గ్రాములే! ఈస్టు కంటికి ఆనని ప్రాణి. అది పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, వదులుతుంది. సాగే గుణం గల పిండి ఆ వాయువును బుడగలు బుడగలుగా పట్టి ఉంచుతుంది. ముద్దను మొదట రెండు గంటలు, ఉండలు చేసిన తరువాత మళ్ళీ నాలుగు నుంచి ఆరు గంటలు ఊరనివ్వాలి. ఈస్టు ఎక్కువ వేస్తే త్వరగా పొంగుతుంది. కాని పులియటంలో నిదానంగా వచ్చే రుచి అప్పుడు రాదు. తొందరపడే దుకాణం ఇక్కడే దొరికిపోతుంది.

పనివాడి చేతులు కూడా చూడండి. అతని దగ్గర అప్పడాల కర్ర ఉండకూడదు. నియమాలు దానికి ఒప్పుకోవు. ఉండను వేళ్ళతో మధ్య నుంచి అంచులకు నెట్టాలి. అప్పుడు బుడగలు అంచులోకి చేరుతవి. బట్టీలో అవి ఉబ్బి, అంచు ఒకటి రెండు సెంటీమీటర్లు లేస్తుంది. మధ్య భాగం మాత్రం అర సెంటీమీటరుకు లోపే. కర్రతో వత్తితే బుడగలన్నీ చితికిపోయి అంచు లేవదు.

నాలుగవ గుర్తు మనం అడిగే పిజ్జా. పరీక్షకు అన్నిటికన్న సాదాదే అడగాలి. పైన పది రకాలు వేస్తే లోపలి లోపాలన్నీ వాటి కింద దాక్కుంటవి. నేపుల్సులో సాదా పిజ్జాలు రెండు. ఒకటి మరినారా: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అనే ఎండుటాకు, ఆలివ్ నూనె, అంతే. రెండవది మార్గరీటా: టమాటా, మొజరెల్లా చీజు, సబ్జా గింజలిచ్చే మొక్క ఆకులు. పాలను విరిచి, ఆ విరుగుడును వేడినీళ్ళలో సాగదీసి మొజరెల్లా చేస్తారు. దాన్ని ఆవుపాలతోనూ, గేదెపాలతోనూ చేస్తారు. ఆ గేదెలు మన గేదెల జాతివే. వాటి పూర్వులు ఆసియా నుంచి వెళ్ళినవే. 1870 నుంచి ఇదే వృత్తిలో ఉన్న ఒక కుటుంబం "దా మికేలే" అనే దుకాణం నడుపుతున్నది. అది పేరు తెచ్చుకున్నది ఈ రెండు సాదా పిజ్జాలతోనే.

టమాటాను మన పెద్దలు కొందరు రామములగ అంటారు. అది ఇటలీ పండు కాదు. మన మిరపకాయ లాగే అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చింది. 2023లో పాంపే శిథిలాల్లో ఒక గోడమీది బొమ్మ బయటపడింది. అందులో వెండి పళ్ళెంలో గుండ్రని రొట్టె, దాని మీద పండ్లు ఉన్నవి. చూడటానికి అచ్చంగా పిజ్జాలాగే ఉన్నది. కాని పిజ్జా కాదు. ఆనాటికి టమాటా ఐరోపాకు రానేలేదు మరి!

ఐదవ గుర్తు కథలను గురించి. 1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్ వచ్చినప్పుడు రఫాయెలె ఎస్పొసితో అనే పనివాడు మూడు పిజ్జాలు చేశాడట. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ కలిసి ఇటలీ జెండాలాగ ఉన్నది రాణికి నచ్చిందట. అందుకని దానికి ఆమె పేరు పెట్టారట. కథ ముచ్చటగా ఉన్నది. కాని ఇది జరిగిందా అని చరిత్రకారులు సందేహిస్తున్నారు. 1866 నాటికే ఒక పుస్తకంలో మొజరెల్లా, ఆ ఆకులు వేసే పిజ్జాను వర్ణించి ఉన్నారు. కనుక గోడమీది కథ చదివి ఆనందించండి, రొట్టెను మాత్రం విడిగా పరీక్షించండి. కథ బాగున్నంత మాత్రాన రొట్టె బాగుండదు.

ఇక పళ్ళెం మన ముందుకు వచ్చింది. అంచు ఉబ్బి, అక్కడక్కడ నల్లని మచ్చలు పడి ఉన్నదా? ఒక మూల ఎత్తి అడుగు చూడండి. మచ్చలు పడి ఉండాలి కాని మాడి ఉండకూడదు. వేలితో అంచు నొక్కి వదిలితే మళ్ళీ పైకి లేస్తున్నదా? రొట్టె విరగకుండా మడత పడుతున్నదా? వీటన్నిటికీ "ఔను" అన్న జవాబు వస్తే, బోర్డు పాతదైనా, బల్ల విరిగినదైనా, మీరు సరైన చోటికే వచ్చారు.

2017లో యునెస్కో సంస్థ నేపుల్స్ పిజ్జా పనివాళ్ళ విద్యను మానవజాతి వారసత్వంగా గుర్తించి తన పట్టికలో చేర్చింది. మోర్స్ అసహ్యించుకున్నదీ, డ్యూమా పాచిదనుకున్నదీ ఈ తిండే! ఆ మధ్య గడిచిన కాలమంతా దాన్ని కాపాడింది రాజులు కారు. ఆకలిగొన్నవాడికి ఎనిమిది రోజుల గడువుతో వేడి రొట్టె పెట్టిన వీధివాళ్ళు.

అందరమూ నేపుల్స్ పోలేకపోవచ్చు. కాని ఈ పరీక్ష మీ ఊళ్ళోనే చేయవచ్చు. మీ ఇంటికి దూరదేశం నుంచి ఒక చుట్టం వచ్చాడనుకోండి. అతన్ని ఏ దుకాణానికి తీసుకుపోతారు? అక్కడ ఎవరు తింటారు, పొయ్యి ఎలాటిది, పిండి ఎంతసేపు నానుతుంది, ఏది సాదాగా చేస్తే బాగుంటుంది? వెళ్ళి, చూసి, చేసేవారినే అడిగి తెలుసుకోండి. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పండి. వాళ్ళకు తెలియని సంగతి ఒక్కటైనా మీకు దొరుకుతుంది.