వేషధారులు మారినను

ఒక నాటక సమాజమున పదిమంది సభ్యులున్నారనుకొందము. ఏటికొకరు చొప్పున పదియేండ్లలో పదిమందియు మారిపోయిరి. పేరు మాత్రము పాతదే. తెరపై వ్రాసిన అక్షరములును పాతవే. అట్టిచో అది ఆ పాత సమాజమేనా, లేక పాతపేరు పెట్టుకొన్న క్రొత్త సమాజమా? తార్కికులకిది ప్రొద్దుపుచ్చు ప్రశ్న. నాటకమును, సంగీతమును నిజముగా ప్రేమించువారికి మాత్రము ఇది జీవన్మరణ సమస్య. ఒక కళాబృందమున ఏది నిలుపుకొనవలెను, ఏది పోయినను చింతింపనక్కరలేదు అను నిర్ణయము దీనిపై ఆధారపడియున్నది.

ఈ ప్రశ్న మనకొక్కరికే కలిగినది కాదు. నేటి విద్యార్థులలో కొందరు చెవికి యంత్రము తగిలించుకొని వినుచున్న హెవీ మెటల్ సంగీతమనిన పెద్దలకు సదభిప్రాయము లేకపోవచ్చును. అయినను ఆ బృందముల చరిత్ర తెలిసికొనదగినదే. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమున 1968లో నలుగురు యువకులు ఒక బృందమును నెలకొల్పిరి. అదియే పిదప 'బ్లాక్ సబాత్' అను పేరుతో ప్రఖ్యాతి గాంచినది. వారిలో గాయకుడైన ఆజీ ఆస్బర్న్ 1979లో తొలగింపబడెను. అతని స్థానమున రానీ జేమ్స్ డియో వచ్చెను. అతడును పోయెను, మరికొందరు వచ్చిరి. వాద్యములు వాయించువారును మారిరి. మొదటినుండి తుదివరకు విడువక నిలిచినవాడు గిటారు వాయించు టోనీ అయోమీ ఒక్కడే. ఆస్బర్న్ లేనిదే ఆ బృందము లేదని కొందరు అభిమానులు, డియో రాకతో దానికి క్రొత్త ప్రాణము వచ్చినదని కొందరు ఏండ్ల తరబడి వాదించుకొనిరి. తుదకు 2025 జూలై 5వ తేదీన తొలి నలుగురును తమ ఊరిలోనే ఒక్క వేదిక నెక్కి కడసారి కచేరి చేసిరి. అదే నెల 22వ తేదీన ఆస్బర్న్ మరణించెను.

ఈ వృత్తాంతమున మనము గమనింపదగిన విషయమొకటి కలదు. జనులు గుర్తుపట్టునది గాయకుని గొంతు. బృందమును నిలిపినది మాత్రము వెనుక నిలుచుండి గిటారు మీటిన చేయి. చప్పట్లు ఒకరికి, బరువు మరియొకరికి. మన రంగస్థల చరిత్రలోను ఇట్టి విషయమే కానవచ్చును.

తెనాలి శ్రీరామ విలాస సభ పేరు వినని నాటకప్రియుడు ఒకప్పుడు మన మండలములలో లేడు. స్థానం నరసింహారావు, మాధవపెద్ది వేంకటరామయ్య, గోవిందరాజుల సుబ్బారావు గారల వంటి ఉద్దండులు ఆ సభలో వేషములు ధరించిరి. వీరిలో స్థానం వారి రంగప్రవేశమే మన విషయమునకు తగిన దృష్టాంతము. ఆయన 1902లో బాపట్లలో జన్మించెను. 1920లో ఆ ఊరిలోనే హరిశ్చంద్ర నాటకమాడునపుడు చంద్రమతి వేషము వేయవలసిన నటుడు రాలేదు. ఆ లోటు తీర్చుటకు నరసింహారావు గారు ముఖమునకు రంగు పూసికొనిరి. ఒకరి గైర్హాజరు వలన ఆంధ్రదేశమునకు ఒక మహానటుడు లభించెను. సత్యభామగా, రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆయన పొందిన కీర్తిని మరల చెప్పనక్కరలేదు. 1956లో పద్మశ్రీ బిరుదము ఆయనను వరించినది. 1971లో ఆయన దివంగతుడయ్యెను.

ఆనాడు రాకపోయిన నటుని మనము తలచుకొనము, అది సహజమే. కాని ఆ ఖాళీని నింపగల యువకుడు అక్కడ సిద్ధముగా ఎట్లుండెను అని అడుగకుండుట మాత్రము పొరపాటు. నాటకమును ప్రక్కనుండి చూచి, పద్యములు విని, మనసులో వల్లెవేసికొను యువకులు ఊరూర ఉండిన కాలమది. ఎవరైన రాకున్న ప్రదర్శనము ఆగదు. సమాజ బలము వేషము కట్టినవారిలో ఎంత కలదో, కట్టుటకు సిద్ధముగానున్నవారిలోను అంతయే కలదు.

ఇక సత్యభామ కథ చూడుడు. 'శ్రీకృష్ణ తులాభారము' 1935లో చలనచిత్రమైనపుడు ఋష్యేంద్రమణి గారు సత్యభామయైరి. కారంచేడు గ్రామమున 1936లో జన్మించిన దగ్గుబాటి రామానాయుడు గారు 1966లో అదే కథను చిత్రముగా నిర్మించిరి. అందు సత్యభామ జమున గారు. రంగస్థలముపై స్థానం వారు పాడి ప్రసిద్ధికి తెచ్చిన పాటను ఆ చిత్రమున పి. సుశీల గారు పాడిరి. స్థానం వారి ఒక్క దేహమునందున్న గానము ఒక స్త్రీ కంఠమునకు, అభినయము మరియొక స్త్రీ ముఖమునకు చేరినవి. నేటి విద్యార్థి ఆ పాట నెరుగుట ఆ చిత్రము వలననే. బాపట్లలో పుట్టిన నటుని సొత్తును కారంచేడులో పుట్టిన నిర్మాత తరువాతి తరములకు అందించెను. పురుషుడు పోయి స్త్రీ వచ్చినను, రంగస్థలము పోయి వెండితెర వచ్చినను సత్యభామ సత్యభామయే. వేషము వేషధారికంటె దీర్ఘాయుష్మంతమైనదని ఇందువలన తేలుచున్నది.

అట్లైన వేషధారులు ఎంత మారినను మేలే కదా అని యెవరైన అనవచ్చును. ఇక్కడనే నేను భేదింతును. మార్పులలో రెండు జాతులు కలవు. ఒకటి లోపలినుండి వచ్చునది. రెండవది వెలుపలినుండి తెచ్చునది. రెండవదానికి మన కంట్రాక్టు నాటకములే నిదర్శనము. కంట్రాక్టరు ఒక్కొక్క ఊరినుండి ఒక్కొక్క ప్రసిద్ధ నటుని రప్పించి ఒక్క రాత్రికి ఒక బృందమును కూర్చును. ఇతర సంగీతబృందములలో ఏండ్లకు గాని జరుగని మార్పు మనయొద్ద ఒక్క రాత్రిలోనే జరిగెడిది. పడకసీనులో అర్జునునకు సారథ్యము చేసెదనని మాటయిచ్చిన కృష్ణుడొకడు. కౌరవసభలో రాయబారము నడపిన కృష్ణుడు వేరొకడు. ఆలిని అమ్ముకొన్న హరిశ్చంద్రుడొకడు, కాటిని కాచిన హరిశ్చంద్రుడు మరియొకడు. ప్రేక్షకులు దీనిని తప్పుగా భావింపరైరి. ఏ కృష్ణుడు రాగమెంతసేపు తీసెనో లెక్కించి 'వన్సుమోర్' అని కేకలు వైచిరి.

న్యాయము చెప్పవలెనన్న, ఈ పద్ధతివలన కొంత మేలును జరిగినది. పెద్ద నటులకు నాలుగు రూకలు దొరకినవి. మారుమూల పల్లెల రైతులు, కూలీలు ఉత్తమగాయకుల పద్యములను తమ ఊరి తిరునాళ్ళలోనే విన్నారు. ఆ పద్యములు పశుల కాపరుల నోళ్ళలోను మ్రోగినవి. బడి మొగమెరుగనివారికి ఆ నాటకములే బడులైనవి. దీనిని తక్కువగా ఎంచరాదు. అయినను నష్టము లాభమునకు మించినది. కలిసి సాధన చేయనివారు కలిసి ఆడిరి; అందువలన పద్యము మిగిలినది, నాటకము పోయినది. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి. పక్కవేషము వేయు కుఱ్ఱవాడు ఏనాటికైన కృష్ణుడగుదునని ఆశపడు మార్గము మూసికొనిపోయినది. కృష్ణుడు పొరుగూరినుండి బాడుగకారులో దిగుచుండగా, ఊరిలో కృష్ణుని తయారుచేయవలసిన అగత్యమెవరికి?

లోపలినుండి వచ్చు మార్పునకు సురభివారు ఉదాహరణము. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావు గారు 'కీచకవధ'తో ఆరంభించిన నాటక కుటుంబమది. స్త్రీపాత్రలను ఆ యింటి స్త్రీలే ధరించిరి. అక్కడ కుశలవులలో ఒకడుగా రంగమెక్కిన బాలుడు పెరిగి రాముడు కావచ్చును, వయసు మీరిన పిదప వాల్మీకియు కావచ్చును. అట్టివాడు ఒక్క నాటకమును మూడుదిక్కులనుండి ఎరిగినవాడగును. ఒకనాడు పదులకొలది సమాజములుగా విస్తరించిన సురభి నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినంతగా తగ్గినది. దానికి కారణము ఆదరణలేమియే గాని వారసుల కొరత కాదు. బుఱ్ఱకథ చూడుడు. కథకుడు, హాస్యమాడువాడు, రాజకీయము చెప్పువాడు అని అందు మూడు స్థానములు. పొన్నెకల్లులో 1920లో జన్మించి, 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజరు గారి పేరు జగమెరుగును. ఆయనకు ఇరుప్రక్కల నిలిచి తాళము తప్పనీయక 'తందాన' అన్నవారి పేర్లు ఎందరికి తెలియును? వంతలు లేనిదే కథ నడువదు. వంతగా నిలిచినవాడే కథకుని కిటుకులన్నియు దగ్గరనుండి గ్రహించును.

పేరు విషయమున మన భాషలోనే ఒక గొప్ప సంప్రదాయము కలదు. తిరుపతి వేంకట కవులు ఇరువురు. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు ముందుగా గతించిరి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1950 వరకు జీవించిరి. మిత్రుడు పోయిన తరువాతను వేంకటశాస్త్రి గారు జంటపేరును విడువలేదు. లోకమును మోసగించుటకు ఆయన అట్లు చేసెనని ఎవరును అనలేదు. తన కవితలో మిత్రుని పాలు తీరనిదని ఆయన భావించెను. పోయినవాని ఋణము నొప్పుకొనుటకై పేరు నిలుపుట ఒకటి. పోయినవాని కీర్తిని అమ్ముకొనుటకై పేరు నిలుపుట మరియొకటి. పాతపేరుతో తిరుగు ఏ బృందమునైనను, అది నాటక సమాజము కానిండు, గిటారు బృందము కానిండు, ఈ గీటురాతిపై పరీక్షింపవచ్చును.

కావున నా అభిప్రాయమిది. సభ్యులు మారినంత మాత్రమున సమాజము చావదు. సభ్యుని తయారుచేయుట మానిన దినముననే చచ్చును. పిదప ఎంత గొప్ప నటులను రప్పించినను అది అద్దె బంగళాలో జరుపు పెండ్లివంటిదే. రెండు దినముల సందడి, మూడవ దినమున తాళము.

ఉపాధ్యాయులకు ఇందు చేయదగిన పనులు కలవు. పాఠశాల వార్షికోత్సవమున కంఠము బాగున్న ఒక్క బాలునికే యేటేట నాయకపాత్ర నిచ్చుట మన అలవాటు. ఆ బాలుడు బడి విడిచిన యేడు నాటకము ఆగిపోవును. ప్రతి పాత్రకును ఇరువురిని సిద్ధపరచుడు. ఈ యేడు సేవకుడైన బాలుడు పైయేడు రాజు కావలెను. ఈ యేడు రాజైనవాడు పైయేడు తెర లాగుచు చిన్నవారికి పద్యము నేర్పవలెను.

విద్యార్థులకు మరియొక పని. కారంచేడు మొదలుకొని చీరాల, బాపట్ల, పొన్నూరు, తెనాలి, రేపల్లె వరకు నాటకమాడని ఊరు అరుదు. మీ తాతలను, ఊరి పెద్దలను అడుగుడు. ఎవరు ఏ వేషము కట్టిరి, హార్మోనియము ఎవరు వాయించిరి, తబలా ఎవరిది, ఆడవేషమునకు చీర ఎవరి యింటినుండి తెచ్చిరి, ఒకరు మానిన పిదప ఆ వేషము ఎవరికి వచ్చెను అని వరుసగా వ్రాసికొనుడు. పాత కరపత్రము దొరకినచో భద్రపరచుడు. కరపత్రములపై పెద్ద అక్షరములలో నున్నవారి చరిత్ర ఎట్లును నిలుచును. చిన్న అక్షరములలో నున్నవారు, అసలు అక్షరములకే ఎక్కనివారు, చూచినవారి జ్ఞాపకములలో మాత్రమే బ్రదికియున్నారు. ఆ చూచినవారు నేడు ఎనుబదియేండ్ల వృద్ధులు. రాబోవు వేసవి సెలవులలోనే ఈ పని మొదలిడుట మంచిది.