కూలి లెక్కకు అందని దూరం

2020 మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు బయలుదేరింది. లాక్‌డౌన్‌లో దేశంలో నడిచిన తొలి శ్రామిక్ రైలు అదే. దాదాపు 1,200 మంది ఎక్కారు. రెండు రోజుల ముందే సంగారెడ్డి జిల్లా కందిలో భవన నిర్మాణ కూలీలు తమను ఇళ్లకు పంపాలంటూ ఆందోళనకు దిగారు. తిండీ నీడా ఏర్పాటు చేస్తామన్నా వీళ్లు ఎందుకు ఆగరని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. వలసను రూపాయల్లోనే కొలిచే అలవాటున్నవాళ్లకు అది అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు.

చైనాలో ఈ కొలతకు గట్టి ఎదురుదెబ్బే తగిలింది. 2002 నాటి సర్వే వివరాలతో జాన్ నైట్, రమణి గుణతిలక అనే ఆర్థికవేత్తలు పల్లెవాసుల, పట్నవాసుల, పల్లె నుంచి పట్నం చేరిన వలసదారుల సంతోషాన్ని పోల్చి చూశారు. 0 నుంచి 4 వరకున్న కొలమానంలో పల్లెవాసులకు సగటున 2.7, పట్నవాసులకు 2.5 వచ్చాయి. వలసదారులకు దక్కింది 2.4. పల్లెలో ఉండిపోయినవాళ్లకన్నా ఎంతో ఎక్కువ సంపాదిస్తున్నా అందరిలోకీ అడుగున నిలిచింది వాళ్లే. అసలే అసంతృప్తితో ఉన్నవాళ్లు ఊరు విడిచారేమో అన్న అనుమానాన్నీ పరిశోధకులు వదల్లేదు. చివరికి ప్రధాన కారణంగా తేలింది ఆశలు. ఊళ్లో ఉన్నంతకాలం పక్కింటివాడితో పోల్చుకున్న మనిషి, పట్నం చేరాక పట్నంవాడితో పోల్చుకుంటాడు. పైగా హుకౌ అనే నివాస నమోదు పద్ధతి మంచి ఉద్యోగాలకు, పిల్లల బడికి అడ్డుపడేది. పోల్చుకోవాల్సిన మనిషి కళ్లెదుటే ఉంటాడు, అతని హక్కులు మాత్రం అందవు.

మన దగ్గర హుకౌ లేదు. కానీ దూరం ఉంది. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు కూలికి వచ్చిన దంపతులు ఊళ్లో చావు కబురు వింటే రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి చేరగలరు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లినవాళ్లకు ఆ వీలు లేదు. దేశానికి ఆ కొసన, నెలల తరబడి బోటు మీదే బతుకు. 2018లో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేకపోయారు. అది అరుదైన ప్రమాదమే. మామూలు సీజన్‌లోనూ పురుడు, పెళ్లి, దినకర్మ అన్నీ వాళ్లు లేకుండానే జరిగిపోతాయి. వీడియో కాల్ దూరాన్ని చెరిపేసిందని అంటారుగానీ నాకు నమ్మకం లేదు. పెళ్లి పందిరిని ఫోన్‌లో చూస్తున్నవాడికి ముందుగా కనబడేది తాను లేని చోటే.

కూలీ మోసే ఈ నష్టం చట్టానికి ఒకప్పుడు తెలుసు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రానుపోను ప్రయాణ భత్యంతో ఆగలేదు. ఊరు విడిచి వచ్చినందుకు నెల వేతనంలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది, విడిగా చెల్లించాలంది. అది ఎంతమంది చేతికి అందిందన్నది వేరే మాట. కనీసం కాగితం మీదైనా దూరానికి ఒక ధర ఉండేది. 2020 కార్మిక కోడ్ ప్రయాణ భత్యాన్ని ఉంచి, దీన్ని మాత్రం వదిలేసింది.