అభినయమునకు వలయు ధైర్యము



మన యిండ్లలో ఆడపిల్లకు మొదట నేర్పు విద్యలలో దుఃఖమును దాచుకొనుట యొకటి. చుట్టములు కూర్చుండి యుండగా మనసులో నేమున్నను ముఖము ప్రసన్నముగా నుండవలయునని పెద్దలు చెప్పుదురు. కన్నులు చెమ్మగిల్లినప్పుడు ఉల్లిపాయలు తఱుగుచున్నానని చెప్పి తప్పించుకొన్న తల్లులను మన మందఱ మెఱుగుదుము. ఈ విద్యలో మన స్త్రీలు కడు నేర్పరులు. దీనివలన ఎన్నియో సంసారములు నిలిచినమాటయు నిజమే.

అట్టి యింట పెరిగిన బాలిక యొకనాడు నాటకవిద్య నేర్చుకొందునని యడిగినచో తల్లి మనసు కలత చెందుట సహజము. నేడు కాలేజీలలోను, వేసవి శిక్షణ తరగతులలోను బాలికలు సంకోచము లేక చేరుచున్నారు. అయినను తల్లుల సందేహము మాత్రము తీఱలేదు. “పదిమంది యెదుట ఏడ్చుట నేర్పుదురట, మనసులోని దంతయు బయట పెట్టుమందురట, పిల్ల యేమగును?” అని అడుగువారు గలరు. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. అభినయము నేర్చుకొనుటకు నిజముగా గుండెధైర్యము వలయును. ఆ ధైర్య మెట్టిదో, దాని హద్దు ఎచ్చటనో మనము తెలిసికొనుట మంచిది. అందులకై అమెరికా దేశపు నటీమణి యొకతె కథను ఈ మాసము మన సోదరీమణుల ముందుంచుచున్నాము.

స్టెల్లా ఆడ్లరు 1901వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జన్మించెను. ఆమె తండ్రి జేకబు, తల్లి సారా. వీరిరువురును యిద్దిషు నాటకరంగమున పేరుగాంచిన నటులు. యిద్దిషనగా తూర్పు యూరపు యూదులు ఇండ్లలో మాటలాడుకొను భాష. స్టెల్లా నాలుగేండ్ల ప్రాయముననే రంగమెక్కెను. మన సురభి నాటకసమాజముల సంగతి యెఱిగినవారికి ఇది వింతగా తోపదు. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన ఆ కుటుంబములలోను పిల్లలు మాటలతోపాటే వేషములు నేర్చినవారు. ఇట్టి యిండ్లలో పుట్టినవారికి రంగముమీద బెదురేమి, కష్టమేమి అని మన మనుకొందుము. స్టెల్లా కథ వేఱు సంగతి చెప్పుచున్నది.

1931లో న్యూయార్కున గ్రూపు థియేటరు అను నాటకసమాజ మేర్పడగా ఆమె అందులో చేరెను. దానిని స్థాపించిన మువ్వురిలో నొకడైన లీ స్ట్రాస్‌బర్గు నటులకు శిక్షణ యిచ్చుచుండెను. రష్యాదేశమున 1898లో మాస్కో ఆర్టు థియేటరును నెలకొల్పిన ఇరువురిలో నొకడు కాన్‌స్టాంటిన్ స్టనిస్లావ్‌స్కీ. ఆ మహానటుడు చెప్పిన పద్ధతిని తాను గ్రహించిన రీతిగా స్ట్రాస్‌బర్గు బోధించెను. అందు ముఖ్యసాధనము జ్ఞాపకము. శోకఘట్టము నభినయింపవలసిన నటి తన జీవితమున నిజముగా జరిగిన యొక దుఃఖమును తలచుకొనవలయును. ఆనాటి గది యెట్లుండెను, వెలుతు రెటనుండి పడెను, ఏ వాసన వచ్చెను, చేతికేమి తగిలెను అని ఒక్కొక్కటిగా స్మరింపగా పాత దుఃఖము మఱల పైకి వచ్చును. ఆ దుఃఖమును పాత్రకు వాడుకొనవలయును.

ఈ సాధనమువలన ఫలము పొందినవారు కలరు. స్టెల్లాకు మాత్ర మది కంటకమయ్యెను. బాల్యమునుండి ప్రాణసమానముగా చూచుకొన్న విద్య ఆమెకు భారముగా తోచెను. మానుచున్న పుండును దినదినము గిల్లుకొనుమన్నచో ఎవరికి సంతోషము కలుగును? దానికి తోడు, తన గతమును తలచుకొను నటి మనసు తన యింటికే పోవును. ఎదుట నిలిచిన పాత్ర చెప్పుమాట ఆమె చెవికి ఎక్కదు.

1934లో స్టెల్లా పారిసు నగరమున స్టనిస్లావ్‌స్కీని కలిసికొనెను. ఆయన అప్పటికి డెబ్బదియొక్క యేండ్ల వృద్ధుడు. 1928లో రంగముమీద నుండగనే గుండెపోటు వచ్చినది మొదలు ఆయన వేషము వేయుట మానుకొనెను. దేశదేశముల నటులు గురువుగా నెంచిన ఆ పెద్దమనిషి యెదుట నిలిచి, నాటకమన్న తనకు పూర్వ మెంతయో ప్రేమ యుండెననియు, ఆయన పద్ధతి వచ్చిన తరువాత దానిని ద్వేషించుచున్నాననియు ఆమె దాపరికము లేక చెప్పెను. ఆయన కోపింపలేదు. సుమారు ఐదువారములు ఆమెతో కూర్చుండి పనిచేసెను. న్యూయార్కున ఆమె ఆడి కష్టపడిన నాటకములోని ఘట్టమునే తీసికొని దానిని విప్పి చూపెను.

అప్పటికి ఆయన ఆలోచనయు మాఱియుండెను. సొంత జ్ఞాపకములను త్రవ్వుటకు మునుపటివలె ప్రాధాన్యము నీయక, నాటకకర్త కల్పించిన పరిస్థితులను ఊహతో నమ్ముట, ఆ పరిస్థితులలో పాత్ర చేయదలచిన పనిని నిజముగా చేయుట, ఈ రెంటిని ఆయన ముందు పెట్టెను. ఆ వేసవిలోనే స్టెల్లా మఱలివచ్చి తోడి నటులకు ఈ సంగతి వివరించెను. స్ట్రాస్‌బర్గు సమ్మతింపలేదు. ఆ యిరువురి త్రోవలు వేఱయ్యెను. 1949లో ఆమె న్యూయార్కున తన సొంత నటశిక్షణాలయమును తెఱచెను. సుప్రసిద్ధ నటుడు మార్లన్ బ్రాండో ఆమె శిష్యుడు. 1992లో ఆమె మరణించువఱకును ఊహాశక్తియే నటులకు మూలధనమని బోధించుచు వచ్చెను.

ఇందులో ధైర్య మెచ్చట నున్నది? శోకరసమును పొంగించి వేదికమీద ఏడ్చుటలో నున్నదని పలువురు తలంతురు. మా యభిప్రాయ మది కాదు. స్టనిస్లావ్‌స్కీ రచించి, 1936లో ఆంగ్లభాషలో ‘యాన్ యాక్టర్ ప్రిపేర్స్’ అను పేర వెలువడిన గ్రంథములోని యొక పాఠమును చూడుడు.

అందు మరియా యను విద్యార్థిని కలదు. ఆమెకు గురు వొక కథ చెప్పును. తల్లికి ఉద్యోగము పోయినది, పాఠశాల జీతము కట్టుటకు దారి లేదు. స్నేహితురాలు తన విలువగల రాళ్ల పతకపుసూదిని ఇచ్చి దానితో గట్టెక్కుమని చెప్పి తెరకు గ్రుచ్చి పోయినది. ఇప్పు డా సూది కనబడుటలేదు. మరియా రంగముమీదికి పరుగెత్తి వచ్చి, తల పట్టుకొని, అటునిటు తిరిగి, మిక్కిలి వేదన నభినయించును. దిగివచ్చునప్పుడు ఆమెకు తన నటన యెంతయో బాగున్నట్లు తోచును. గురువు “సూది దొరకినదా?” అని యడుగగా ఆమె వెలవెలబోవును. సూది సంగతియే ఆమె మఱచినది! అప్పుడు గురువు, సూదిని వెదకి తీయనిచో ఈ పాఠశాలలో నీకు చోటులేదని గట్టిగా చెప్పును. బాలిక మఱల పోయి తెర మడతలను ఒక్కొక్కటిగా తడవి చూచును. ఈ పర్యాయము కేక లేదు, చేతులు విసరుట లేదు. కాని చూచువారికి ఆమె దైన్యము నిజమని తోచును.

మొదటిమాఱు మరియా దుఃఖమును చూపెను. రెండవమాఱు ఆమెకు ఒక వస్తువు కావలసివచ్చెను. మేము చెప్పదలచిన దంతయు ఈ భేదములోనే యున్నది. పదుగురి యెదుట ఏడ్చుటకంటె పదుగురి యెదుట కోరుట కష్టము. ఏడ్చువారిని చూచి జాలిపడుదురు. కోరువారికి ‘లేదు’ అను మాట యెదురు కావచ్చును. ఆ మాట వచ్చునో రాదో తెలియక, వచ్చినచో తన ముఖ మెట్లు మాఱునో తానే యెఱుగక, అందఱి కన్నులు తనమీద నుండగా ‘నాకిది కావలయును’ అని నిలుచుటయే నటికి వలయు ధైర్యము. సినిమాలలో గ్లిసరినుతో కన్నీరు తెప్పింపవచ్చును. కోరికను తెప్పించు మందు ఏ యంగడిలోను దొరకదు.

మన నాట్యశాస్త్రము ఈ సంగతిని ఎఱుగక పోలేదు. ఆంగిక వాచిక ఆహార్యములతోపాటు సాత్త్వికాభినయమును భరతుడు చెప్పెను. ఒడలు గగుర్పొడుచుట, గొంతు మాఱుట, వణకుట, కన్నీరు కాఱుట మొదలైన సాత్త్వికభావములు ఎనిమిది. ఇవి ఏకాగ్రమైన మనసునుండి పుట్టునేగాని మనసు వేఱొకచోట నున్నవాడు వీనిని తెచ్చుకొనజాలడని శాస్త్రాభిప్రాయము. సూదిమీద మనసు నిలిచినప్పుడు మరియా ముఖమున దైన్యము పిలువకయే వచ్చెను గదా!

ఈ ధైర్యమును నేర్పు రీతి చాల సామాన్యమైనది. ఇద్దఱు విద్యార్థినులు ఎదురెదురుగా కూర్చుందురు. ఒకతె రెండవయామెను ఏదో యొకటి అడుగవలయును. అది క్షమాపణ కావచ్చును, ఊరికి పోవుటకు సెలవు కావచ్చును. రెండవయామెకు నిజముగా మనసు కరగినప్పుడే ఇచ్చుటకు, లేనిచో కాదనుటకు స్వేచ్ఛ యుండును. మొదటి దినములలో మన బాలికలు చేయు పని యేమి? అడుగుచునే నవ్వుదురు. లేక క్రిందికి చూచుదురు. లేక ఇవ్వకున్నను పరవాలేదన్నట్లు పలుకుదురు. ఆ నవ్వు ఒక కవచము. తిరస్కారము కలిగినను నేను నిజముగా అడుగలేదు గదా యని చెప్పుకొనుటకు అది యుపయోగించును. కవచమును కొంచెము సడలించి, ఎదుటివారి ముఖమునే చూచుచు, వారి మాటను పూర్తిగా విని మఱల అడుగుటకు కొన్ని నెలలు పట్టును. ఈ నడుమ గొంతు బొంగురుపోవును, మాట తడబడును, తోటివారు నవ్వుదురు. ఆ తప్పులను సహించుటయు విద్యలో భాగమే.

ఇక హద్దు సంగతి. హృదయమును తెఱచుట వేఱు, దానికి తలుపే లేకుండ చేయుట వేఱు. తమ కుమార్తెను ఎవరివద్ద చేర్చుచున్నను తల్లులు మూడు సంగతులు విచారింపవలయునని మా సలహా. మొదటిది, బాలిక ‘ఇది నేను చేయజాలను’ అన్నచో ఆ గురువు మన్నించునా, లేక పిఱికిదానవని పరిహసించునా? స్టెల్లా తనకు బాధయగుచున్నదని చెప్పగా విని పాఠమును మార్చిన స్టనిస్లావ్‌స్కీ ఇచ్చట కొలమానము. రెండవది, ఇంటి రహస్యములను, సొంత దుఃఖములను తరగతిలో చెప్పుమని నిర్బంధించుచున్నాడా? పాత్రను నమ్ముటకు ఆ యవసరము లేదని స్టెల్లా తన శిష్యులద్వారా నిరూపించెను. మూడవది, శరీరమును తాకవలసిన ఘట్టములను ముందుగా చెప్పి, ఒప్పుకొన్నమీదట అందఱి యెదుటనే అభ్యాసము చేయించునా? కళ పేరు చెప్పి ఏకాంతమునకు పిలుచు గురువు ఎంత గొప్పవాడైనను వానివద్దకు పిల్లను పంపరాదు.

ఈ మూడును సరిగా నున్నచో తల్లులు భయపడవలసిన పని లేదు. అభినయము నేర్చిన ప్రతి బాలికయు నటి కాదు, కావలసిన అవసరమును లేదు. కాని పై చదువు కావలయుననియో, ఈ సంబంధము వలదనియో, ఒంట్లో బాగులేదు వైద్యునివద్దకు పోవలయుననియో చెప్పవలసిన దినములు ప్రతి యాడుదానికిని వచ్చును. అలుకతో గాని, ఏడ్పుతో గాని, మూడవవారిచేత చెప్పించి గాని ఆ మాట తెలుపుట మన కలవాటు. ఎదుటివారి ముఖము చూచి, గొంతు పెంచక, ‘నాకిది కావలయును’ అని తానే చెప్పగలిగిన బాలికకు నాటకవిద్య చేసిన మేలు తక్కువది కాదు.

ఆమె అట్లు అడిగిన నాడు వినువారు ఇంట నుండవలయును. ‘ఎందుకు’ అను మాట నోటికి రాకమునుపు ఆమె చెప్పునది తుదివఱకు విందము. కోరిన దెల్ల ఇయ్యనక్కఱలేదు. కాదనవలసి వచ్చినచో కారణము చెప్పి కాదందము. సోదరీమణులు యోచింతురు గాక.