గమ్యరేఖ కదలరాదు

ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని ఎడతెగక వరుసగా ముగింపవలసిన పందెమునకు ట్రయథ్లానని పేరు. ఈ పేరుతో తొలి పందెము 1974లో అమెరికాయందలి శాన్‌డియాగోలో జరిగెను. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో దీనికి స్థానము లభించెను. అందు ఈత ఒకటిన్నర, సైకిలు 40, పరుగు 10 కిలోమీటర్లు. ఐరన్‌మాన్ అను దీర్ఘపందెమునందో, ఈత 3.8, సైకిలు 180, పరుగు 42.2 కిలోమీటర్లు. ఈ క్రీడనుండి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వీథులయందు పరీక్షలకు చదువుచున్న యువకులును, వారి తండ్రులును, అంతకు మించి పాలకులును నేర్వదగిన పాఠము కలదని మా యభిప్రాయము.

1978 ఫిబ్రవరి 18వ తేదీన హవాయి ద్వీపములందు తొలి ఐరన్‌మాన్ జరిగినపుడు 15 మంది బయలుదేరిరి. 12 మంది ముగించిరి. సైకిలు దిగి పరుగు మొదలిడునప్పటికి జాన్ డన్‌బర్ అను నౌకాదళ సైనికుడు ముందుండెను. త్రోవలో ఆతని సహాయకులయొద్ద నీరు నిండుకొనగా, వారు నీటికి బదులు బీరునిచ్చిరి. వెనుకనుండి వచ్చిన గోర్డన్ హేలర్ ఆతనిని దాటి 11 గంటల 46 నిమిషములలో గెలుపొందెను. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలన్న పెద్దల మాట ఇచ్చట అక్షరాల చెల్లినది.

దేహమున నిలువయుండు పిండిపదార్థముల శక్తి పరిమితము. ఈతలో తొందరపడి, ఎదురుగాలిలో పంతమునకు సైకిలు త్రొక్కినవానికి పరుగువేళకు గాదె ఖాళీయగును. కావుననే అనుభవజ్ఞులు మొదట తమకు చేతనైన వేగముకంటె కొంత తగ్గించుకొని పోవుదురు; ఆకలిదప్పులు బాధింపకమునుపే సైకిలుమీదనే తినుచు, త్రాగుచుందురు. ఈతలో మిగిలిన నిమిషముకంటె పరుగులో పోయిన గంట పెద్దదని వారెరుగుదురు.

సివిలు సర్వీసు పరీక్షయు మూడంచెలదే: ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ. అందు మొదటిదాని మార్కులు తుదిజాబితాలో చేరవు. అయినను చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు వచ్చు యువకులలో నిద్రాహారములు మాని, మొదటి అంచెకే సర్వశక్తిని ధారవోయువారు కలరు. గ్రామమున తండ్రి పొలము తాకట్టుపెట్టి పంపిన ధనము గది అద్దెకు, కోచింగు రుసుమునకు మొదటి యేడాదియే కరగిపోవును. ఆరోగ్యము, ధనము, కాలము అను మూడింటిని మూడంచెలకును పంచుకొనవలయును. ఎన్నేండ్లు, ఎంత వ్యయము అను సంగతిని బయలుదేరునాడే తండ్రీకొడుకులు కూర్చుండి నిర్ణయించుకొనుట శ్రేయము.

అయితే భారమంతయు పరుగెత్తువానిపై మోపుట న్యాయము కాదు. దూరము ముందే తెలిసియుండుటచేతనే గదా పందెగాడు నిదానింపగలుగుట! 42.2 కిలోమీటర్లని లెక్కించి అడుగు వేయువానికి చివర గమ్యరేఖను మరి పది కిలోమీటర్లు జరిపినచో, ఎంతటి నిదానమైనను వ్యర్థమే. తెలంగాణ గ్రూపు-1 అభ్యర్థులకు జరిగినది ఇదియే. 2022 ఏప్రిలులో 503 ఉద్యోగములకు ప్రకటన వెలువడెను. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రముల లీకు కారణమున 2023 మార్చిలో రద్దయ్యెను. జూన్ 11న మరల జరిపిన పరీక్షను, బయోమెట్రిక్ నిబంధన పాటింపలేదను కారణమున, సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన, జూన్ 9న మూడవ మారు ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఒక్క మొదటి అంచెనే మూడు మారులు ఈదినవానికి తరువాతి అంచెకు ఊపిరి యెక్కడ మిగులును? ఆ అక్టోబరులో అశోక్‌నగరు వీథులకెక్కిన యువకులను తొందరపాటువారని నిందించువారు ముందీ లెక్క చూడవలయును.

కేంద్ర కమిషను ఏటేట తన పరీక్షల తేదీలను ముందుగనే ప్రకటించుచున్నది. మన రాష్ట్రమునను 2024 ఆగస్టులో శాసనసభయందు ఉద్యోగముల క్యాలెండరును ప్రకటించిరి. ప్రకటించుట సగము పని. పాటించుట తక్కిన సగము. ప్రశ్నపత్రమును కాపాడుట, నిబంధనలను తు.చ. తప్పక నడపుట, చెప్పిన దినమునకు కట్టుబడుట అను మూడును కమిషను ముగింపవలసిన అంచెలు. యువకులకు ఓర్పు నేర్పబూనిన ప్రభుత్వము మొదట ఈ మూడింటిని నెరవేర్చి చూపవలయునని మేము కోరుచున్నాము.