రోడ్డుకీ వంతు ఉండాలి

ఒమాన్‌లో సైకిళ్ళ కోసం కొత్త దారులు వేయక్కర్లేదని నా అభిప్రాయం. ఉన్న దారుల్నే వంతుల వారీగా పంచుకుంటే చాలు.

ముందు ఈ "వంతు" అనే మాట చూడండి. ఇంట్లో "ఇవాళ గిన్నెలు కడగడం నీ వంతు" అంటారు. ఊళ్ళో కాలువ నీళ్ళు అందరికీ ఒకేసారి చాలవు కాబట్టి నీళ్ళకీ వంతులుంటాయి. సోమవారం పైచేలకు, మంగళవారం కిందిచేలకు. అందరికీ అందుతుంది, ఎవరి సమయంలో వారికి. నా చదువంతా ఇంగ్లీషు మీడియంలోనే సాగింది. ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు, గుడిలో వడ్డన దగ్గర విని నేర్చుకున్నాను.

ఇప్పుడు దారుల సంగతి. ఒమాన్ అనగానే చాలామందికి పెద్ద రోడ్లు గుర్తొస్తాయి. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో కార్లు పోతుంటాయి. కానీ ఆ రోడ్డు దిగితే వేరే దేశంలా ఉంటుంది. బాతినా తీరంలో బర్కా, ముసన్నా, సువైక్ వైపు ఖర్జూరం తోటల మధ్య సన్నటి తారు దారులున్నాయి. అటూ ఇటూ గోడలు, గోడల మీదకు వంగిన నిమ్మ కొమ్మలు, మధ్యలో మేకలు. నిజ్వా వైపు వెళ్తే బిర్కత్ అల్ మౌజ్, మనా, బహ్లా, అల్ హమ్రా. పాత మట్టి ఇళ్ళు, పక్కనే పారే నీళ్ళు. అక్టోబరు నుంచి మార్చి దాకా శుక్రవారం పొద్దున్నే వెళ్తే సైకిల్ గొలుసు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. శుక్ర, శనివారాలు ఇక్కడ సెలవు. మధ్యాహ్నం నమాజు వేళ దాకా ఊళ్ళు నెమ్మదిగా ఉంటాయి.

అయితే నిశ్శబ్దంగా ఉన్న దారి అంతా భద్రమైన దారి కాదు. ఎవరూ ఉండరులే అనే ధీమాతో కారు నడిపేవాళ్ళు మలుపులో వేగం తగ్గించరు. ఒక తోట నుంచి ఇంకో తోటకు వెళ్ళాలంటే మధ్యలో పెద్ద రోడ్డు దాటాలి. వాదీలు, అంటే ఎండిపోయిన వాగులు, దారికి అడ్డంగా వస్తాయి. ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు రావచ్చు. పారుతున్న వాదీలో దిగకూడదు, కారైనా, సైకిలైనా.

ఈ దారుల్లో సైకిల్ తొక్కేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం మాలాంటివాళ్ళు. శుక్రవారం హెల్మెట్ పెట్టుకుని, కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్ళేవాళ్ళం. 2010లో టూర్ ఆఫ్ ఒమాన్ పోటీ మొదలైంది. జబల్ అఖ్దర్ కొండ ఎక్కే పందెగాళ్ళను టీవీలో చూసి చాలామందికి ఉత్సాహం వచ్చింది. ఆ పోటీ కోసం రోడ్లు కొన్ని గంటలు ఆపుతారు. అంటే రోడ్డు ఆపడం ఇక్కడ తెలియని పని కాదు.

రెండో రకం రోజూ తొక్కేవాళ్ళు. తోటల్లో పనిచేసేవాళ్ళు, మాలీలు, ఊడ్చేవాళ్ళు. బరువైన ఇనప సైకిలు, హ్యాండిల్‌కి అన్నం క్యారియరు. వీళ్ళలో బంగ్లాదేశ్ వాళ్ళున్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. గుడికి వచ్చే జగిత్యాల వైపు తమ్ముడొకడు తోటపనికి సైకిల్ మీదే వెళ్తాడు. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా తోటల మధ్య నుంచే ఎందుకు పోతావని అడిగాను.

"గా తొవ్వల బండ్లు రావు సార్. పెద్ద రోడ్డు మీద పోతే పానం చేతుల వట్టుకొని పోవాలె."

తొవ్వ అంటే దారి. తెలంగాణ మాట. పానం అంటే ప్రాణం. మేము వారానికి ఒకసారి సరదాకు వెతుక్కునే దారి, అతనికి రోజూ బతికి ఇంటికి చేరే దారి. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాకే వస్తాడు. అతను అంతకు ముందే బయలుదేరతాడు, చీకట్లో.

మరి ఏం చేయాలి? కొత్త సైకిల్ ట్రాక్ కట్టాలని అందరూ అంటారు. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ. మంచి ఆలోచనే. ఎండ ఉన్న ఊళ్ళో నీడ చిన్న విషయం కాదు. కానీ అలాంటిది ప్రతి పల్లెకూ కట్టలేం. పైగా ట్రాక్ పక్కన ఇల్లు లేనివాడు అక్కడికి చేరేది ఎలా? మళ్ళీ పెద్ద రోడ్డు మీదుగానే.

వంతు అలా కాదు, దానికి సిమెంటు అక్కర్లేదు. కొలంబియాలోని బొగోటా నగరంలో 1974 నుంచి ఆదివారం కొన్ని గంటలు పెద్ద రోడ్లను సైకిళ్ళకు, నడిచేవాళ్ళకు వదిలేస్తున్నారు. ఇప్పుడు అది 120 కిలోమీటర్లు దాటింది. హైదరాబాదులో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం కార్లు ఆపి మనుషులకు ఇచ్చారు. పిల్లలు రోడ్డు మధ్యలో ఆడుకున్నారు.

ఒమాన్‌కు వంతు నేర్పాల్సిన పని అసలే లేదు. ఇక్కడి ఫలజ్ చూడండి. కొండ కింది నీళ్ళను వాలు పట్టుకుని ఊరికి తెచ్చే కాలువ. ఇప్పటికీ సుమారు 3,000 పనిచేస్తున్నాయి. 2006లో యునెస్కో ఐదింటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. బిర్కత్ అల్ మౌజ్‌లో ఫలజ్ అల్ ఖత్మీన్ నీళ్ళు మూడు సమాన పాయలుగా విడిపోతాయి. ఫలజ్ అనే అరబ్బీ మాటకు మూలం విడదీయడమే. పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి ఎవరి వంతు ఎప్పుడో చూసుకునేవారు. వందల ఏళ్ళుగా నీళ్ళు పంచుకున్న ఊరికి రోడ్డు పంచుకోవడం కష్టమా?

కష్టాలు లేవని అనను. అదే ఊళ్ళో ఉండేవాళ్ళ కారు ఎటు పోవాలి? తెల్లవారుజామున కూరగాయలు తీసుకెళ్ళే ట్రక్కు ఆగితే రైతుకు నష్టం కాదా? అంబులెన్సు మాటేమిటి? వీళ్ళెవరినీ ఆపక్కర్లేదు. నెమ్మదిగా రమ్మంటే చాలు. ఆపాల్సింది అడ్డదారిగా దూసుకుపోయే కార్లను. వాటికి వేరే రోడ్డు ఉంది. 2018లో సుమారు 270 కిలోమీటర్ల బాతినా ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయింది. దూరం పోయేవాళ్ళు దాని మీద పోవచ్చు. తోట దారుల్లో రోజూ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు సైకిళ్ళ వంతు అని బోర్డు పెడితే చాలు. శుక్రవారం ఇంకొంచెం ఎక్కువ.

గంటల మీద మనం వాదించుకోవచ్చు. ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గను. ఫలజ్‌లో నీళ్ళు ముందు తాగడానికి. తర్వాత మసీదుకు, స్నానాలకు. ఆ తర్వాతే తోటలకు. అవసరం ఎవరిది పెద్దదో వాళ్ళది ముందు. రోడ్డుకీ అదే పద్ధతి ఉండాలి. సైకిల్ క్లబ్బులు, మన తెలుగు సంఘాలు దారి అడిగేటప్పుడు హోటల్ నుంచి కొండకు వెళ్ళే దారి అడగకండి. కార్మికుల గదుల నుంచి తోటకు వెళ్ళే దారి ముందు అడగండి. అది వస్తే మన శుక్రవారం షికారుకూ అదే సరిపోతుంది.

బోర్డు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఈలోగా ఒక ఎర్ర లైటు కొనివ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీకు తెలిసిన సైకిలు వెనక అది వెలుగుతోందో లేదో ఈ వారం చూడండి.

ఈసారి మాటలు

బాట, దారి, తోవ: అన్నిటికీ ఒకటే అర్థం. తెలంగాణలో తొవ్వ.
డొంక: పొలాల మధ్య బండ్లు పోయే దారి. కృష్ణా, గుంటూరు వైపు వినబడుతుంది.
పుంత: అదే దారి, గోదావరి జిల్లాల మాట.
గట్టు: కాలువ లేదా చేను అంచున ఎత్తుగా ఉండే కట్ట. దాని మీద నడవొచ్చు, సైకిలూ తొక్కొచ్చు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ మాట అంటారు? అడిగి రాయండి. ఇప్పుడు మీ వంతు.