నిష్కామకర్మ ఎవరి నియమం?

నేటి కార్యాలయాల శిక్షణశిబిరాలలో ఒక ప్రసంగం తప్పనిసరి: మేనేజర్ వేరు, లీడర్ వేరు, మొదటివాడు పనులను నిర్వహిస్తాడు, రెండవవాడు మనుషులను నడిపిస్తాడు. ఇంతవరకు వివాదం లేదు. ఆ వెంటనే తెరమీదికి పార్థసారథి చిత్రం వస్తుంది, గీత ద్వితీయాధ్యాయంలోని 47వ శ్లోకం వినిపిస్తుంది, జీతం పెంపు అడగదలచినవారు తలలు దించుకుంటారు. ఉద్యోగి ఫలాపేక్ష విడువవలెనట! విడిచిన ఆ ఫలం ఎవరి ఖాతాకు చేరుతున్నదో మాత్రం తెరమీద కనిపించదు.

ఇది వ్యాఖ్యానం కాదు, అపవ్యాఖ్యానం. ఆ ఉపదేశం సాధకుడు తన చిత్తానికి తాను విధించుకొనే నియమం. పరుల భృతిని నిర్ణయించే సూత్రం కాదు. ఒకడు స్వీయఫలాన్ని త్యజిస్తే అది యోగం. ఎదుటివానిచేత త్యజింపజేసి తాను అనుభవిస్తే దానికి శాస్త్రం పెట్టిన పేరు స్తేయం. తృతీయాధ్యాయంలో శ్రేష్ఠుని ఆచరణనే లోకం అనుసరిస్తుందని చెప్పిన భగవానుడు, మరుశ్లోకంలోనే ఉదాహరణగా తననే చూపుకొన్నాడు: ముల్లోకాలలోనూ పొందవలసినది ఏదీ లేకున్నా తాను కర్మలోనే ఉన్నానని. ఆ మాట అన్నది సింహాసనం మీద కూర్చుండి కాదు, పరుల గుర్రాల పగ్గాలు పట్టుకొని.

ఫలత్యాగానికి శ్రీరామునికన్న నిదర్శనం ఎవరు? అయోధ్యాకాండ నూరవ సర్గలో, చిత్రకూటంలో, రాజ్యాన్ని విడిచి నారచీరలు ధరించిన ఆ మహానుభావుడు భరతుని ప్రశ్నిస్తాడు. అనేక ప్రశ్నల నడుమ ఒకటి ఇది: సైనికులకు భత్యమూ వేతనమూ ఉచితకాలంలో, ఆలస్యం లేకుండా అందుతున్నవా? కాలాతిక్రమణం జరిగితే భృత్యులు ప్రభువుపై కోపిస్తారనీ, అది మహానర్థానికి దారితీస్తుందనీ హెచ్చరిక కూడా అక్కడే ఉన్నది. ఆయన తన రాజ్యాన్ని త్యజించాడు. ఇతరుల జీతాన్ని కాదు.

నిర్వహణం గుమాస్తాపని, నాయకత్వం దివ్యగుణం అనే ప్రచారం కూడా ఇట్టిదే. లెక్కలు చూడని నాయకునికి వేతనం ఆలస్యమైనదని తెలిసేదెట్లు? కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అధ్యక్షప్రచారమనే అధికరణాన్ని కోశం, లెక్కలు, తూనికలు, కొలతలతో నింపాడు. ఉద్యోగులు ధనాన్ని అపహరించే 40 ఉపాయాలను కూడా పేర్కొన్నాడు. మరొకచోట 48,000 పణాల నుండి 60 పణాల వరకు వేతనాలను నిర్ణయించాడు. అర్థశాస్త్రం మోక్షశాస్త్రం కాదుగదా అని ఆక్షేపించవచ్చు. కార్యాలయం మాత్రం ఆశ్రమమా?

అయితే అధ్యక్షప్రచారం ఆ గ్రంథంలో రెండవ అధికరణం. మొదటిది వినయాధికారికం, ఇంద్రియజయం నేర్వవలసినవాడు అక్కడ రాజు. మన శిబిరాలు ఈ క్రమాన్ని తలక్రిందులు చేశాయి: ఇంద్రియజయం ఉద్యోగులకు, పారితోషికం సంచాలకులకు. వేతనసవరణ ఆగిన సంవత్సరంలోనే శ్లోకం ఎందుకు గుర్తుకు వస్తుందో ఉపన్యాసకులు చెప్పరు. ఈసారి 47వ శ్లోకానికి ముందు ఆ నూరవ సర్గను చదివించి, మొదటి వరుసలో సంచాలకులను కూర్చోబెట్టనీ!