రోజా పరాయిదంట, బంతి మనదంట!

పోయిన వారం మన గ్రూపులో పెట్టిన తీర్మానం నమూనా అందరూ చదివే ఉంటారు. కల్యాణ మండపం ముందర ఉండే 22 రోజా చెట్లు "విదేశీ జాతివి, మన సంప్రదాయానికి సంబంధం లేనివి" కాబట్టి తీసేయాలంట. ఆ జాగాలో సిమెంటు రాళ్లు పరిచి, అంచున మాత్రం "మన పువ్వులు" అయిన బంతి, చామంతి, సంపంగి నాటాలంట. దానికింద ఎంతమంది బొటనవేలు ఎత్తినారో లెక్కపెట్టడం మానేసినాం. పొద్దున్నే ఆ చెట్లకు నీళ్లు పోసే రిటైరైనవాళ్లం నలుగురైదుగురం ఉన్నాం కదా, మాకు ఈ తీర్మానం ఒప్పుదల కాదు. ఎందుకో కాస్త పొడుగ్గానే చెప్తాం. ఓపిక పట్టండి.

మొదట బంతి సంగతి. బంతి పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువాళ్ల కాలంలో ఓడెక్కి వచ్చి మన గుమ్మాలకు తోరణమైంది. సంపంగి, అదే ఆంధ్రాలో లిల్లీ అంటారే ఆ తెల్ల పువ్వు, అదీ మెక్సికోదే. చామంతిది చైనా. మన నేలలోనే పుట్టినవి కావాలంటే మల్లె ఉంది, కనకాంబరం ఉంది. తీర్మానం రాసిన పెద్దాయన సరిగ్గా ఆ రెండింటినే మరిచిపోయినారు!

మాటల సంగతి కూడా చూడండి. మనం రోజా అంటాం. తిరుపతి, చిత్తూరు నుంచి చుట్టాలొస్తే "గులాబీ అనండి, అదే తెలుగు" అని మనల్ని దిద్దుతారు. గులాబీ పారశీకం, రోజా పోర్చుగీసువాళ్లతో వచ్చింది. ఎవరు ఎవరిని దిద్దాలి?

ఇక ఆ చెట్లు ఏవో ఎంతమందికి తెలుసు? మన సంఘం పెద్ద ఒకాయన 1970ల్లో బెంగుళూరు నర్సరీ నుంచి తెచ్చి నాటినారు. మేకుతో పేర్లు గీకిన అల్యూమినియం రేకులు ఇప్పటికీ కొన్నింటి మొదట్లో ఉన్నాయి. గేటు పక్కన ముదురు ఎరుపుది క్రిమ్సన్ గ్లోరీ. ఉత్తర జర్మనీలో స్పారిస్‌హూప్ అనే పల్లెలో విల్హెల్మ్ కోర్డెస్ 1935లో బయటికి తెచ్చిన రోజా. మెడ బలం తక్కువ, పువ్వు తల వాల్చేస్తుంది. గడ్డం పట్టి పైకెత్తి వాసన చూస్తే తెలుస్తుంది ఎందుకు దాచుకోవాలో. ఆ తరువాత వచ్చిన ఎర్ర రోజాల్లో ఎన్నింటికో ఇదే తల్లో, తండ్రో. దాని పక్కన నారింజ కలిసిన ఎరుపుది సూపర్ స్టార్. మన జిల్లాలో ఆ మాట అంటే ఒక్కరే గుర్తొస్తారు గానీ, ఈ రోజాకు ఆ పేరు 1960లోనే పెట్టినారు. పెట్టింది ఊటర్సెన్ ఊరి టాంటావ్ నర్సరీ. గుత్తులుగా పూసే తెల్లది ఐస్‌బర్గ్, 1958, మళ్లీ కోర్డెస్‌వాళ్లదే. ప్రపంచ రోజా సంఘాల సమాఖ్య 1983లో మేటి రోజాల వరుసలో చేర్చిన రకం అది. మన మండపంలో మాత్రం "వేస్ట్".

ఒక రకం ఊరికే రాదు. తల్లి పువ్వు విచ్చకముందే దాని పుప్పొడి తిత్తులు తీసేసి, వేరే పువ్వు పుప్పొడి అద్ది, కాయ పండించి, గింజలు మొలిపించాలి. వేల మొలకల్లో ఒకటో రెండో నిలబెట్టుకుంటారు. పేరు పెట్టి అమ్మకానికి తెచ్చేసరికి ఎనిమిది పదేళ్లు పోతాయి.

"అయితేనేం, జర్మనీదే కదా" అంటారు. ఎంతవరకు జర్మనీది? ఏడాది పొడుగునా పూసే గుణం యూరపు పాత రోజాల్లో దాదాపు లేదు. అది చైనా రోజాలతో వెళ్లింది. ఆ చైనా రోజాలకు అక్కడి పండితులు పెట్టిన పేరు రోజా ఇండికా, ఇండియా రోజా! ఈ హైబ్రిడ్ టీ రోజాల పూర్వీకుల్లో ఇంకొకటి రోజా జైగాంటియా అనే అడవి తీగ. అది మన మణిపూర్ కొండల్లో ఈ రోజుకీ పూస్తుంది. కొడైకెనాల్‌లో వీరరాఘవన్, గిరిజ దంపతులు ఆ తీగతోనే కొత్త రోజాలు పుట్టించినారు. అంటే గేటు పక్కన ఉండే "విదేశీ" చెట్టులో మణిపూర్ రక్తం ఉంది. దీన్ని ఏ దేశానికి పంపిస్తారు?

పువ్వుకు పరాయి అని ముద్ర వేయడం కొత్త సంగతి కాదు. పేటర్ లాంబెర్ట్ అనే జర్మన్ ఆయన 1901లో ఒక తెల్ల రోజాకు ఫ్రావ్ కార్ల్ ద్రుష్కి అని పేరు పెట్టినారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లండులో ఆ జర్మన్ పేరు నోట పలకలేక స్నో క్వీన్ అన్నారు. పువ్వు అదే, ముల్లు అదే. ఇందాక చెప్పిన కోర్డెస్ అప్పుడు ఇంగ్లండులోనే నర్సరీ పెట్టుకొని ఉన్నారు. జర్మన్ అన్న ఒక్క కారణానికి పట్టుకుపోయి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో నిర్బంధించినారు. ఇంకోవైపు చూడండి. జర్మనీలో పుట్టిన క్రుంబిగల్ బెంగుళూరు లాల్‌బాగ్‌ను పెంచి, ఆ ఊరి వీధుల్లో చెట్లు నాటించి, 1956లో అక్కడే కన్నుమూసినారు. ఆయన్ను పరాయివాడని ఏ బెంగుళూరువాడూ అనడు.

మాకు ఎక్కువ నొప్పి కలిగించింది ఏమంటే, ఈ మాట తెలుగు సంఘం నోట రావడం. మన ముత్తాతలు విజయనగర కాలంలో, నాయకరాజుల కాలంలో ఈ వైపు వచ్చినవాళ్లు. మా తరంలో చాలామంది బడిలో చదివింది తమిళం, తెలుగు అక్షరాలు దిద్దుకుంది ఉద్యోగంలో చేరినాక. మన తెలుగులో సగం తమిళం ఉందని ఆంధ్రావాళ్లు నవ్వుతారు, ఇక్కడ ఎన్నికలొస్తే "వందేరి" అని కొందరు వేలు చూపిస్తారు. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి అని చట్టం వచ్చినాక, హోసూరు, కృష్ణగిరి పక్క తెలుగు పిల్లల కోసం మనవాళ్లు కోర్టు మెట్లెక్కినారు కదా? అప్పుడు మనం చెప్పుకున్నదేమి? తరతరాలుగా ఇక్కడే ఉన్నాం, ఈ నేలవాళ్లమే అని. అదే నోటితో, యాభై ఏళ్లుగా ఈ బోరునీళ్లు తాగి బతికిన చెట్టును పరాయిది అంటామా? పైగా అవి అంటుకట్టిన చెట్లు. పైకొమ్మదే జర్మన్ పేరు. కింద వేరు నాటు రోజాది.

నీళ్లు ఎక్కువ కావాలి, ఆకుమచ్చకు మందు కొట్టాలి అనేవాళ్ల మాట మేము తోసిపుచ్చం. అది నిజమైన ఇబ్బంది. ఆ పని మేము చేస్తున్నాం, ఇక ముందూ చేస్తాం. కానీ సంప్రదాయం పేరు చెప్పేవాళ్లను ఒకటి అడగాలి. మీ ఇంటి రిసెప్షన్‌కు స్టేజి మీద కట్టించేది ఏ పువ్వు? హోసూరు పాలీహౌస్ నుంచి వచ్చే "డచ్ రోజా", ముక్కు ఆనించినా వాసన రాని పువ్వు. దానికి వేలు వేలు పోస్తారు, అప్పుడు సంప్రదాయం అడ్డు రాదు.

అసలు సంగతి కార్ల పార్కింగ్. అందరికీ తెలుసు. పార్కింగ్ కావాలంటే పార్కింగ్ అని రాయండి. ముహూర్తాల రోజుల్లో రోడ్డు మీద ఎంత అవస్థో మాకూ కనిపిస్తూనే ఉంది. మండపం వెనక పాత వంటపాకలు పడగొట్టిన జాగా ఊరికే పడి ఉంది, అది చదును చేస్తే 15 కార్లు పడతాయి, మేము టేపు పట్టి కొలిచినాం. దానికి ఖర్చవుతుందని కమిటీ వెనకాడుతోంది, చెట్లు పీకడానికైతే ఖర్చు లేదని.

రైల్వేలో పనిచేసినవాళ్లం కాబట్టి ఒకటి చెప్తాం. మొరప్పూరు నుంచి ధర్మపురికి చిన్న రైలు 1906లో వచ్చింది. 1941లో ఎత్తేసినారు. ఆ లైను మళ్లీ కావాలని ఈ జిల్లా ఎన్ని దశాబ్దాలు అర్జీలు పెట్టిందో మీకు తెలుసు. ఈ పాత రకాలు కూడా అంతే. హోసూరు నర్సరీల్లో అడిగి చూసినాం, క్రిమ్సన్ గ్లోరీ అంటే కుర్రవాళ్లు మొహం చూస్తారు. పీకేసినాక ఎక్కడి నుంచి తెస్తారు?

కాబట్టి ఆదివారం సమావేశంలో మేము అడగబోయేది ఇది. తీర్మానాన్ని రెండుగా విడదీయండి, పార్కింగ్ ఒకటి, చెట్లు ఒకటి. రెండోదాంట్లో "విదేశీ జాతి" అన్న మాట కొట్టేయండి. ఓటు ఎటు పోయినా, కార్తీకం లోపల ఒక్క చెట్టు మీదా గడ్డపార వేయకూడదు. కన్ను అంటు కట్టే ఆయన హోసూరు పక్క నుంచి రావడానికి ఒప్పుకున్నారు, ఆయన కూలీ మేము పెట్టుకుంటాం. ఇంటి ముందర రెండడుగుల జాగా ఉన్నవాళ్లు ఏ రకం కావాలో చెప్పి పేరు ఇవ్వండి. ఇప్పటికి తొమ్మిది పేర్లు వచ్చినాయి, అందులో రెండు తీర్మానానికి బొటనవేలు ఎత్తినవాళ్లవే.